గురువారాల విద్యార్థిని

పోయిన వారం మా ఆఫీసులో కొత్తగా చేరిన ఇంజనీరు ఒకతను నా టేబుల్ ముందుకొచ్చి నిలబడ్డాడు.

"మేడం, పీజీ చేద్దామనుకుంటున్న. ఎంటెక్ చేయాల్నా, ఎంబీఏ చేయాల్నా తెలుస్తలేదు. జర మీరు చెప్పున్రి" అన్నాడు.

చేతిలో ఒక కాగితం. అందులో కోర్సుల పేర్లు, ఏ కోర్సుకు ఎన్నాళ్ళు పడుతుందో, సెలవు పెట్టాలో వద్దో, ప్రమోషన్‌కు పనికొస్తుందో లేదో అన్నీ గళ్ళు గీసి రాసుకున్నాడు. నేను ఆ కాగితం అందుకోకుండానే, "సైటు మీద నీకు సమజ్ కానిది ఏదన్న ఒక్కటి చెప్పు" అన్నాను.

అతను తెల్లబోయాడు. రెండు రోజులు ఆలోచించుకొని రమ్మని పంపించాను గానీ, ఆ మధ్యాహ్నం నాకు ఇంక పని సాగలేదు. ఆ ప్రశ్న నా సొంతం కాదు. తొమ్మిదేళ్ళ కింద నన్ను ఆ ప్రశ్న అడిగిన మనిషి, ఈ ఏడాది గుడ్ ఫ్రైడేకు ముందు వచ్చే నలభై రోజుల శ్రమదినాల్లో, కరీంనగర్‌లో పోయారు.

సమాధి కార్యక్రమానికి నేనూ వెళ్ళాను. సంఘ పెద్దలు మాట్లాడారు. ఆమె సండే స్కూల్లో పిల్లలకు పాఠాలు చెప్పిన సంగతి, తమ్ముడి పిల్లలను దగ్గరుండి చదివించిన సంగతి చెప్పారు. తర్వాత పాస్టర్ గారు, "ఆఫీసు తరఫున ఎవరైనా రెండు మాటలు" అంటూ నా వైపు చూశారు. లేచి నిలబడ్డాను. మళ్ళీ కూర్చున్నాను. ఆ రోజు చెప్పలేకపోయింది ఇప్పుడు రాస్తున్నాను. పేరు రాయను. మేమందరం మేడం అనేవాళ్ళం. ఇక్కడా అంతే.

మేడం మా నీటిపారుదల శాఖ క్వాలిటీ కంట్రోల్‌లో డిప్యూటీ ఇంజనీరు. మేం కట్టించే కాలువలను, మట్టికట్టలను వచ్చి పరీక్షించి, బాగుందో లేదో రాసే ఉద్యోగం. కాబట్టి ఆమె జీపు వస్తోందంటే సైటు మీద అందరికీ కొంచెం వణుకే. పొట్టి మనిషి. నేత చీర, కాళ్ళకు మగవాళ్ళ క్యాన్వాస్ బూట్లు. ఎక్కడ దిగినా ముందు చేసే పని ఒకటే. వంగి చిటికెడు మట్టి తీసుకొని, దాని మీద రెండు చుక్కల నీళ్ళు వేసి, అరచేతిలో సన్నటి పోగులా పేనుతూ మాట్లాడేవారు. బంకమట్టి అయితే పోగు దారంలా సాగుతుంది. ఇసుక కలిసిన మట్టి అయితే మధ్యలోనే విరిగిపోతుంది. కాంట్రాక్టర్లు ఆమె ముఖం చూసేవాళ్ళు కాదు, ఆ పోగునే చూసేవాళ్ళు. అది విరిగిందంటే ఆ రోజు పని ఆగిందన్నమాటే.

రిపోర్టుల్లో ఆమెకు పడని మాట ఒకటుండేది: నార్మల్. ఎవరైనా "ఊట నార్మల్", "పగుళ్ళు నార్మల్" అని రాస్తే దాని కింద ఎర్ర పెన్సిలుతో గీత గీసి "ఎంత?" అని రాసి తిప్పి పంపేవారు. ఎవరైనా అబద్ధం చెబుతున్నారని అనుమానం వస్తే ఏమీ అనేవారు కాదు, కళ్ళద్దాలు తీసి ఒళ్ళో పెట్టుకునేవారు. అద్దాలు లేకుండా ఆమెకు ఎదుటి మనిషి సరిగా కనబడేవాడు కాదట. ఆ సంగతి మాకు తెలియక ఆ చూపుకు ఇంకా భయపడేవాళ్ళం.

సైటు మీదే అన్నం తినాల్సి వస్తే ఆమె టిఫిన్ డబ్బా మూత తీసి, కళ్ళు మూసుకొని ప్రార్థన చేసుకునేదాకా కూలోళ్ళు కూడా ముద్ద ఎత్తేవాళ్ళు కాదు. ఎవరూ చెప్పలేదు వాళ్ళకు. ఆమె కళ్ళు తెరిచి, "తినున్రి, తినున్రి, దేవునికి నేనొక్కదాన్ని చెప్తె అందరికి చెప్పినట్టే" అనేవారు.

నేను ఉద్యోగంలో చేరి అప్పటికి ఐదేళ్ళు. మా అవ్వగారిల్లు, అంటే నా పుట్టిల్లు, హుజూరాబాద్. పోస్టింగు చెన్నూరు వైపు, ఒక వాగు మీద కట్టిన చిన్న ప్రాజెక్టు దగ్గర. నాకు పెళ్ళయి, నాలుగేళ్ళ కూతురు ఉంది. ఆ ఏడాది గేట్ పరీక్ష రాస్తే మంచి స్కోరే వచ్చింది. అక్కడి నుంచి మొదలైంది పరేషాన్. తోటి ఇంజనీర్లలో చాలామంది ఆన్‌లైన్‌లో స్ట్రక్చర్స్‌లో, అంటే భవనాల డిజైన్‌లో, ఎంటెక్ చేస్తున్నారు. నా భర్తేమో ఎంబీఏ చేయమన్నాడు. ఆదివారాలు క్లాసులు, ఇల్లు కదలక్కర్లేదు, పాపను వదిలి ఉండక్కర్లేదు. అతను చెప్పిందాంట్లో తప్పేమీ లేదు. మూడో దారి, రెండేళ్ళు చదువు సెలవు పెట్టి వరంగల్‌లో రెగ్యులర్‌గా చదవడం. ఆ మూడింట్లో ఏదని అడగడానికి జూన్ నెల ఎండలో బస్సెక్కి కరీంనగర్ పోయాను, మేడం ఆఫీసుకు.

"ఏం బిడ్డా, గింత ఎండల వచ్చినవ్? ముందు నీళ్ళు తాగు" అన్నారు.

తాగి, మూడు దారులూ చెప్పాను. ఆమె చివరిదాకా విన్నారు.

"గవన్ని కోర్సుల పేర్లు. నీ సంగతి చెప్పు. ఐదేండ్ల సంది సైటు మీద తిరుగుతున్నవ్ గదా. నీకు సమజ్ కానిది ఒక్కటి చెప్పు."

"సమజ్ కానిది అంటే మేడం?"

"కండ్లతోటి చూసినవ్, ఎందుకట్లయిందో తెల్వలే. గసొంటిది."

ఆలోచించాను. నిజంగా ఏదీ తట్టలేదు. "అన్ని కోడ్ ప్రకారమే చేస్తున్నం మేడం" అన్నాను.

కళ్ళద్దాలు తీసి ఒళ్ళో పెట్టుకున్నారు. "ఐదేండ్ల నౌకరిల ఒక్కటి గూడ లేదా? అయితె నీకు చదువెందుకు బిడ్డా? అన్ని తెలిసినోల్లకు ఏ కోర్సు అయితేంది?"

నాకు ముఖం మీద కొట్టినట్టయింది. అది ఆమెకు తెలిసినట్టే ఉంది, గొంతు తగ్గించారు. "నేను గూడ ఎంటెక్కే. స్ట్రక్చర్స్ల చేసిన, నౌకరి చేసుకుంట, సాయంత్రం క్లాసులకు పోయి. గప్పుడు గదే సులువుగ దొరికింది. అందరు గదే చేస్తుండె. మా తమ్ముడు సర్టిఫికెట్‌కు ఫ్రేం గట్టించిండు. గిప్పుడు గది ఫ్రిజ్ ఎనక ఉన్నది. ఇరవై ఏండ్ల సంది మట్టి మీద తిరుగుతున్న. ఒక్క బిల్డింగు మొఖం చూడలే. మట్టి గురించి నాకు తెలిసిందంతా ల్యాబుల పెద్దమనుషుల దగ్గర నేర్చుకున్నదే. ఏం చేయాల్నో తెలుసు. ఎందుకో తెల్వదు."

నేను లేచి వచ్చేశాను. ఇంటికొచ్చి చెబితే నా భర్త, "సీదా జవాబు చెప్పుడు రాదా ఆమెకు? ఎంబీఏ ఫారం నింపు" అన్నాడు. సగం నింపాను కూడా. అంతలో వానలు పట్టుకున్నాయి.

శ్రావణంలో నాలుగు రోజులు తెరిపి లేకుండా కొట్టింది. ఐదో రోజు పొద్దున నేను ప్రాజెక్టు కట్ట కింది వైపు నడుచుకుంటూ చూస్తున్నాను. ఒకచోట పళ్ళెమంత వెడల్పున నేలలోంచి నీళ్ళు బుడబుడ ఉబుకుతున్నాయి. ఆ జాగా పోయిన ఏడాది కూడా తడిగానే ఉండింది. ఫోన్‌లో ఫోటో తీసి, ఆఫీసు గ్రూపులో పెట్టి, కింద రాశాను: ఊట ఉంది, నార్మల్.

మేడం ఆ రోజు మంచిర్యాలలో ఏదో తనిఖీ మీద ఉన్నారట. మధ్యాహ్నం పన్నెండు దాటాక ఫోటో చూసి ఫోన్ చేశారు.

"నీళ్ళ రంగేంది?"

"అంతా బురద నేల మేడం. అన్ని ఒక్క తీరే ఉన్నయ్."

"సీసల పట్టి కదిలియ్యకుండ నిలబెట్టు. నేను వస్తున్న."

నా నీళ్ళ సీసా ఖాళీ చేసి ఊట నీళ్ళు పట్టాను. కట్ట రాయి మీద నిలబెట్టి గొడుగు పట్టుకొని చూస్తూ కూర్చున్నాను. అరగంటలో సీసా అడుగున వేలి మందాన సన్నటి మట్టి పేరుకుంది. కట్ట కింద ఊట తేటగా వస్తే భయం లేదు. మట్టిని మోసుకొస్తోందంటే కట్ట లోపల బోలు అవుతోందని అర్థం. మా ప్రాంతంలో దాన్నే బుంగ అంటారు. ఆ మాట నాకు తెలుసు. అది ఎట్లా ఉంటుందో ఆ సీసాలో మొదటిసారి చూశాను. పొద్దున నేను ఫోటో తీసినప్పుడు కూడా ఆ నీళ్ళలో మట్టి వస్తూనే ఉండి ఉంటుంది.

మేడం రెండింటికి వచ్చారు. సీసా చేతిలోకి తీసుకొని ఒక్కసారి చూసి కింద పెట్టారు. మొదటి మాట, "కింద ఇండ్లెన్ని?"

వాగు ఒడ్డున రెండు వాడలు ఉన్నాయని చెప్పాను. ఆమె తన డ్రైవర్ వైపు తిరిగారు. కరీంనగర్ ముస్లిం ఆయన, ఇరవై ఏళ్ళుగా ఆమె జీపు నడుపుతున్నాడు. "భాయ్, ఒక్కలు గూడ ఇండ్లల్ల ఉండొద్దు. బడి బిల్డింగు కాడికి ఎక్కియ్యి" అన్నారు. ఆయన పరుగెత్తాడు. ఆ వానలో ఇల్లిల్లూ తలుపు కొట్టి, "అమ్మా, సామాన్ ఫికర్ చెయ్యకున్రి, పానం ముఖ్యం, నడువున్రి, నడువున్రి" అంటున్న గొంతు కట్ట మీదికి వినబడుతూనే ఉంది.

మేడం ఊరివాళ్ళను పోగుచేశారు. ఊట చుట్టూ ఇసుక బస్తాలు గుండ్రంగా పేర్పించి, మధ్యలో వాగు ఇసుక, దాని మీద కంకర పోయించారు. నీళ్ళు బయటికి పోవాలి, మట్టి లోపలే ఆగాలి. వడపోత అన్నమాట. ఆమె కూడా చీర కుచ్చిళ్ళు ఎగదోపి బస్తాలు అందించారు. గంటసేపు నీళ్ళు తేటగా వచ్చాయి. ఎవరో, "ఆగింది మేడం, ఆగింది" అని అరిచారు. ఆమె వంగి ఆ నీళ్ళనే చూస్తున్నారు.

నాలుగున్నరకు రంగు మళ్ళీ మారింది. పోసిన ఇసుక మధ్యలో మెల్లగా కుంగడం మొదలైంది. మేడం లేచి నిలబడి, "అందరు కట్ట దిగున్రి. ఎవ్వలు గూడ సామాను ముట్టుకోవద్దు, దిగున్రి" అన్నారు. పొద్దుగూకక ముందే కట్టకు గండి పడింది. మేం బడి మెట్ల మీద నిలబడి చూస్తుండగానే నీళ్ళు ఆ రెండు వాడల మీది నుంచి పోయాయి. ఇళ్ళలో మనుషులెవరూ లేరు.

తెల్లారి నష్టం రాయడానికి పొలాలకు పోయాను. నాట్లు వేసిన మడి మీద పిక్కల్లోతు ఇసుక మేట. అందులో ఒక పెద్దాయన నిలబడి ఉన్నాడు. కొట్టంలో కట్టేసి ఉన్న ఆయన ఎడ్లు రెండూ పోయాయి. నన్ను గుర్తుపట్టాడు.

"పొద్దున్నే నువ్వు వచ్చి చూసినవ్ గదా బిడ్డా. ఫోటో గూడ దీసుకున్నవ్. గప్పుడే ఒక్క మాట చెప్తే, ఎడ్లను ఇప్పుకొని పోతుంటి."

కోపంగా అనలేదు.

మేడం రిపోర్టు రాశారు. నెల తర్వాత నాకు మెమో వచ్చింది. ఆ రిపోర్టులోని రెండు వాక్యాలు అందులో ఎత్తి రాశారు: సైటు ఇంజనీరు ఉదయమే ఊటను చూసి కూడా నీటితో మట్టి వస్తున్న సంగతి గుర్తించలేదు. దాన్ని గుర్తించే శిక్షణ ఆమెకు లేదు.

ఆ కాగితం పట్టుకొని కరీంనగర్ పోయాను.

"మీరు గిట్ల రాస్తరనుకోలే మేడం."

"రాసిన దాంట్ల అబద్ధమున్నదా?"

"లేదు. కని మీరు తల్చుకుంటె నన్ను కాపాడుదురు."

"నిన్ను కాపాడితె, గా ఎడ్లు పోయినాయనకు ఏం చెప్పాలె?"

టీ తెప్పించారు. నేను తాగలేదు. గ్లాసు అట్లాగే వదిలేసి బయటికొచ్చాను. బస్సులో ఏడ్చాను. ఆమె మీద కోపంతో ఏడుస్తున్నానో, ఆ పెద్దాయన మాటకు ఏడుస్తున్నానో అప్పుడు తెలియలేదు. తర్వాత చాలా నెలలు ఆమెకు ఫోన్ చేయలేదు. ఆమె తనిఖీకి వస్తే రిజిస్టర్లు పంపించి నేను వేరే సైటుకు పోయేదాన్ని.

మెమో చివరికి ఒక హెచ్చరికతో ముగిసింది. మరుసటి ఏడాది పీజీ అడ్మిషన్లకు ఆప్షన్లు పెట్టాల్సి వచ్చినప్పుడు, ఇంట్లో కంప్యూటర్ ముందు కూర్చొని, మొదటి వరసలో జియోటెక్నికల్ అని నొక్కాను. అంటే మట్టి చదువు. నా భర్త వెనక నిలబడి చూస్తున్నాడు.

"కోపంల చేస్తున్నవా, ఇష్టంతోటి చేస్తున్నవా?"

"కోపంలనే."

"సరే. పాపను మీ అవ్వ దగ్గర ఉంచుదాం. ఐతారం ఐతారం నేను తీసుకొస్త" అన్నాడు. ఆ మాట అనడానికి అతను ఎంత మింగుకున్నాడో నాకు తెలుసు.

చదువు సెలవు సులువుగా మంజూరైంది. "శిక్షణ లేదు" అన్న మేడం వాక్యాన్నే మా పైఅధికారి నా ఫైల్లో చూపించి, శిక్షణ లేదని మనమే రాశాం కాబట్టి పంపించాల్సిందే అని రాశాడట. ఆఫీసులో వాళ్ళు నవ్వుతూ చెప్పారు. నాకు నవ్వు రాలేదు.

వరంగల్ కాలేజీలో మొదటి సెమిస్టర్ చివర, దగ్గరగా చూసిన ఒక ప్రమాదం గురించి పేపర్ రాయమన్నారు. నా దగ్గర ఉన్నది ఒక్కటే. గండి రిపోర్టు మొత్తం కావాలని ఆఫీసుకు దరఖాస్తు పెట్టుకుంటే జిరాక్సు పంపించారు. నాకు మెమోలో చూపించిన వాక్యాలు నాలుగో పేజీలో ఉన్నాయి. నేను మొదటి పేజీ తీశాను. అందులో మేడం ఇలా రాశారు:

వడపోతకు వాగు ఇసుకను ఎంచుకున్నది నేను. ఆ ఇసుక ఈ కట్ట మట్టికి సరిపోయే రకం కాదని ఇప్పుడు అనుమానిస్తున్నాను. ఆ సంగతి తేల్చుకునే జ్ఞానం ఆ రోజు నాకు లేదు, ఈ రోజూ లేదు. బాధ్యత మొదట నాది.

హాస్టల్ గదిలో ఆ నాలుగు వాక్యాలు ఎన్నిసార్లు చదివానో. ఆఫీసులో తెలిసినతనికి ఫోన్ చేసి అడిగితే, ఆ రిపోర్టు మీదనే ఆమె ఆఖరి ప్రమోషన్ ఆగిపోయిందని చెప్పాడు. అది ఎవరికీ రహస్యం కాదు. నేనే ఆమె సంగతి అడగడం మానేశాను.

సాయంత్రం మేడంకు ఫోన్ చేశాను. ఏడాది దాటింది మాట్లాడక.

"మేడం, మీ పేజీ ఇయ్యాల చదివిన."

"నీకు నీ పేజీ ఇచ్చిన్రు, నాకు నా పేజీ ఇచ్చిన్రు. గంతే గదా" అన్నారు.

"నాకెందుకు చెప్పలే మేడం? గా రోజు టీ గూడ తాగకుండ వచ్చిన."

"చెప్తె నీ కోపం పోతుండె. కోపం మంచిగనే పనిచేసింది గదా." ఆమే మాట మార్చారు. "వచ్చే నెల రిటైర్ అయితున్న. ఇంక ప్రమోషన్ ముచ్చట ఎందుకు, ఇడిసిపెట్టు. నాకు ఒక్కటి చెప్పు. గా ఇసుక ఎందుకు నిలబడలే? మీ సారు చెప్పిండా?"

"వచ్చే సెమిస్టర్ల ఉన్నది మేడం. మట్టికట్టల మీద పేపరు. ప్రతి గురువారం క్లాసు."

"బయటోల్లను కూసోనిస్తరా?"

నేను ఆమె సరదాకు అన్నారనుకున్నాను. "పరీక్ష రాయను, సర్టిఫికెట్ అడుగను. ఎనక కూసుంట. మీ సారును అడుగు బిడ్డా" అన్నారు.

మా ప్రొఫెసర్ వయసులో ఆమె కంటే చిన్నవాడు. అడిగితే ముందు ఆశ్చర్యపోయాడు, తర్వాత, "రమ్మనండి. ఒక్క షరతు. నేను తప్పు చెబితే ఆపాలి" అన్నాడు.

జనవరి నుంచి ప్రతి గురువారం ఆమె కరీంనగర్‌లో పొద్దున బస్సెక్కి వరంగల్ వచ్చారు. మొదటి రోజు ఆమె లోపలికి రాగానే, ఎవరో పెద్ద ఎగ్జామినర్ అనుకొని క్లాసంతా లేచి నిలబడింది. ఆమె కంగారుపడి, "కూసోన్రి, కూసోన్రి, నేను గూడ స్టూడెంటునే" అని చివరి బెంచీకి పోయారు. బడిపిల్లలు రాసుకునే పొడుగు నోటుబుక్కు, చెక్కిన పెన్సిళ్ళు రెండు, ఒక రబ్బరు. క్లాసు జరిగినంతసేపూ వీపు వాల్చకుండా రాసుకునేవారు.

లెక్కలు ఆమెకు కష్టమయ్యేవి. చదువుకొని ముప్పై ఏళ్ళు దాటింది మరి. క్లాసు అయ్యాక క్యాంటీన్‌లో నేను చెప్పేదాన్ని. "ఆగు. మళ్ల చెప్పు" అనేవారు. మళ్ళీ చెప్పేదాన్ని. మూడోసారి కూడా అర్థం కాకపోతే సిగ్గుపడేవారు కాదు, కోపం తెచ్చుకునేవారు, నా మీద కాదు, ఆ లెక్క మీద. అర్థమైన రోజు మాత్రం మిరపకాయ బజ్జీలు ఇప్పించేవారు.

ఆమె బస్సు హుజూరాబాద్ మీదుగానే వస్తుంది. మా అవ్వకు ఆ సంగతి తెలిసి, గురువారం పొద్దున పాపను వెంటబెట్టుకొని బస్టాండులో నిలబడేది. కిటికీలోంచి మేడం చేతికి నాకోసం టిఫిన్ డబ్బా అందించేది. తిరుగు బస్సులో మేడం ఖాళీ డబ్బా, నేను పాపకు రాసిన చీటీ తీసుకొని పోయేవారు. ఒకసారి అవ్వ ఫోన్లో అడిగింది, "ఏమే, నిన్ను మెమోల ఇరికిచ్చిందన్నవ్, గామెనేనా గీమె?"

"గామెనే అవ్వా."

"ఏందో మీ కొలువులు" అంది అవ్వ. తర్వాతి గురువారం డబ్బాలు రెండు వచ్చాయి.

మార్చిలో ఒక గురువారం ప్రొఫెసర్ వడపోత పాఠం మొదలుపెట్టాడు. కట్ట మట్టిలోని పెద్ద రేణువుల సైజు ఎంతో చూడాలి, దాని మీద పోసే ఇసుకలోని సన్న రేణువుల సైజు దానికి నాలుగైదు రెట్లు మించకూడదు, మించితే ఆ సందుల్లోంచి మట్టి జారిపోతుంది అని చెప్పాడు. బోర్డు మీద పుస్తకంలోని లెక్క ఒకటి వేశాడు. అది ఎక్కడో, ఎవరో కట్టిన కట్ట.

వెనక బెంచీ కదిలిన చప్పుడైంది. తిరిగి చూస్తే మేడం లేచి నిలబడి ఉన్నారు.

"సార్, ఒక్క నిమిషం" అన్నారు. అప్పటిదాకా ఆమె క్లాసులో నోరు విప్పలేదు. "నేను ఒక కట్టకు గిసొంటి వడపోత పోయించిన. చెన్నూరు దిక్కు. వాగుల ఇసుక దగ్గర ఉన్నదని గదే పోయించిన. గంట నిలబడ్డది. తర్వాత ఇసుక కుంగింది, కట్ట తెగింది. రెండు ఎడ్లు సచ్చిపోయినయ్. పంటలు పోయినయ్." ఒక్కసారి ఊపిరి తీసుకున్నారు. "గా ఇసుక పోయించింది ఎవలో కాదు, నేనే. గిప్పుడు చెప్పున్రి సార్. ఏ ఇసుక పోయాల్సి ఉండె?"

ఇరవై ఏళ్ళ పిల్లలు ఆమెను చూడలేక పుస్తకాల్లోకి చూస్తున్నారు. నేను తల ఎత్తలేదు. ఆ రోజు పొద్దున ఊట చూసి నార్మల్ అని రాసిన చెయ్యి నా ఒళ్ళోనే ఉంది.

ప్రొఫెసర్ నెమ్మదిగా అడిగాడు. "ఆ కట్ట మట్టి పరీక్షల లెక్కలు ఉన్నాయా మేడం?"

ఆమె సంచిలోంచి మడతపెట్టిన కాగితాలు తీశారు. కట్ట మట్టివి, వాగు ఇసుకవి, జల్లెడ పట్టి తూచిన లెక్కలు. జనవరి నుంచి ప్రతి గురువారం అవి ఆ సంచిలో వస్తూనే ఉన్నాయని అప్పుడే నాకు తెలిసింది.

ప్రొఫెసర్ బోర్డు మీది పుస్తకం లెక్కను మొత్తం తుడిచేశాడు. మా కట్ట అంకెలు రాశాడు. "అందరూ చేయండి" అన్నాడు. నేనూ చేశాను. పది నిమిషాలు పెన్సిళ్ళ చప్పుడు తప్ప ఏమీ లేదు. జవాబు తేలింది. ఆ రోజు మేం పోసిన ఇసుక ఆ మట్టికి చాలా ముతక. దానికి ఎంతో సన్నటి ఇసుక కావాలి, దాని మీద ఈ వాగు ఇసుక, ఆపైన కంకర. మూడు పొరలు.

ముందు వరసలో ఒకమ్మాయి మెల్లగా అడిగింది. "మేడం, అంత సన్నటి ఇసుక ఆ రోజు దొరికేదా అక్కడ?"

ఆమె అద్దాలు తీయలేదు. కిటికీలోంచి బయటికి చూసి, మనసులో ఏదో దూరం కొలుచుకున్నట్టు పెదవులు కదిలించారు.

"దొరుకుతుండె బిడ్డా" అన్నారు. "ప్రాణహిత ఒడ్డుకు ఉంటది. పదిహేను కిలోమీటర్లు. రెండు ట్రాక్టర్లు పంపిస్తె నాలుగు గంటల కల్ల వస్తుండె. తెలిసి ఉంటె."

కూర్చున్నారు. నోటుబుక్కు తెరిచి బోర్డు మీది లెక్కను మొదటి గీత నుంచి ఎక్కించుకోవడం మొదలుపెట్టారు. ఆమె రాత నెమ్మది. మధ్యలో బెల్లు కొట్టింది. ఆమె రాయడం అయ్యేదాకా ఎవరూ లేవలేదు.